ఆపిల్‌కు ద్రాక్ష వాసన పట్టిస్తే మావాడు తింటున్నాడు, ఇందులో తప్పుందా?

సముద్రపుగాలి
మా బాబుకు ఆరేళ్లు. పండు చూస్తే చాలు, పెదవులు బిగించేస్తాడు. అదే ద్రాక్ష రుచి గోలీలు, స్ట్రాబెర్రీ పాలు, మామిడి రుచి జెల్లీ అయితే అడిగి మరీ తింటాడు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు, అక్కడ ద్రాక్ష రుచి పట్టించిన ఆపిల్ పండ్లు అమ్ముతారని, స్కూలు డబ్బాలో అవి పెడితే డబ్బా ఖాళీగా తిరిగొస్తుందని చెప్పింది. మన విశాఖలో అలాంటివి నాకెక్కడా కనబడలేదు. అందుకని కేకు సామాన్ల కొట్లో ద్రాక్ష ఎసెన్స్ సీసా కొని, నీళ్లలో కలిపి, ఆపిల్ ముక్కల మీద చల్లి పెట్టాను. ఒక్క ముక్క మిగల్లేదు!

మా అత్తగారు మాత్రం "పండుకు సెంటు పూయడమేమిటమ్మా" అని పూటపూటా దెప్పుతున్నారు. మావారు గోడమీద పిల్లి. లోపలికి వెళ్లేది ఆపిలే కదా, పైన వాసన ఏదైతే నష్టమేమిటి? తెలిసినవాళ్లు చెప్పండి. అత్తగారికి చూపించాలి, కాబట్టి కొంచెం నా వైపే రాయండి.

కైలాసగిరి_కుర్రాడు
కాకరకాయకు చాక్లెట్ వాసన పట్టించే పద్ధతి కూడా కనిపెట్టండి. నాకు ముప్పయి దాటాయి, మా అమ్మ ఇంకా బతిమాలుతూనే ఉంది.

నాయనమ్మ_కబుర్లు
నేను మీ అత్తగారి పక్షం. ఆవిడకు చూపించేటప్పుడు నా మాట దాచకండి. పిల్లవాడు తిన్నది ఆపిల్‌ను కాదు, గోలీ వాసనను. సీసా అయిపోయిన రోజున ఆపిల్ కూడా అయిపోతుంది.

సియాటెల్_శ్రీకాకుళం
మీ ఆడపడుచు చెప్పిన పండు పేరు గ్రేపుల్. మేముంటున్న వాషింగ్టన్ రాష్ట్రంలోనే, వెనాచీ అనే ఊళ్లో పుట్టింది. ఆ లోయ నిండా ఆపిల్ తోటలే. ఆపిల్‌కూ ద్రాక్షకూ అంటుకట్టి పుట్టించారని చాలామంది అనుకుంటారు. అదేమీ లేదు. మామూలు ఫుజీ లేదా గాలా పండును ద్రాక్ష రుచి కలిపిన ద్రావణంలో నానబెట్టి తీస్తారు. చక్కెర కలపరు. నాలుగు పండ్లు ఒక ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి అమ్ముతారు. రుచి కృత్రిమంగా చేర్చినదని పెట్టె మీద రాసే ఉంటుంది, దాపరికం లేదు.

పెట్టె తెరవగానే గదంతా ద్రాక్ష వాసన. కొరికితే ఆపిల్. మా అమ్మాయి మొదట్లో సంబరపడింది. ఆ తర్వాత "ముక్కుకు ఒకటి చెబుతుంది, నాలుకకు ఇంకొకటి చెబుతుంది" అని పక్కన పెట్టేసింది. పైగా మామూలు ఆపిల్ కంటే ధర ఎక్కువ. నీళ్లలో ముంచినందుకు అంత ఎందుకని నాకు మింగుడుపడేది కాదు.

రసాయనశాల
ఆ ద్రావణంలో అసలు సరుకు మిథైల్ ఆంథ్రానిలేట్. అమెరికాలో పండే కాంకర్డ్ నల్లద్రాక్షలో అది సహజంగానే ఉంటుంది. వాళ్ల గోలీలూ సోడాలూ జెల్లీలూ ఆ ద్రాక్ష వాసనతో తయారయ్యాయి కనుక మనకూ అదే "ద్రాక్ష రుచి"గా దిగుమతి అయింది. మన బజార్లో దొరికే గింజలేని పచ్చద్రాక్షకు ఆ వాసన ఉండదు. సముద్రపుగాలి గారి బాబు పచ్చద్రాక్ష ఇస్తే "ఇది ద్రాక్ష కాదు" అంటే, వాడి లెక్కలో వాడు చెప్పింది నిజమే.

అన్నట్టు మల్లెపూల పరిమళంలోనూ ఇదే పదార్థం ఉంది. అలాగే పక్షులకు దీని ఘాటు అస్సలు గిట్టదు. తోటల్లో పిట్టలు వాలకుండా చల్లే మందుల్లో దీన్ని వాడతారు. భయపడకండి, ఆహారంలో వాడే కొద్దిపాటి మోతాదుకు అనుమతి ఉన్నదే.

కైలాసగిరి_కుర్రాడు
పిట్టలు పారిపోయే మందుకు పిల్లలు పరిగెత్తుకొస్తున్నారన్నమాట. మా మేడ మీద ఒడియాలు ఎండబెడితే కాకులు వదలడం లేదు. ఆ కొట్టు ఎక్కడో చెప్పండి.

ఉప్పూకారం
నాయనమ్మ గారూ, ఒక మాట. ఆర్కే బీచ్‌లో అనాస ముక్కలకు ఉప్పుకారం అద్ది ఇస్తే లొట్టలేసుకుంటూ తింటాం. జామకాయను నాలుగు చీలికలు చేసి మధ్యలో కారం కూరకపోతే మా నాన్నగారు ముట్టుకోరు. పుల్లమామిడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇవన్నీ పండు మీద మనం పూసే రుచులే. ఉప్పుకారం అయితే సంప్రదాయం, ఎసెన్స్ అయితే అపచారమా?

నాయనమ్మ_కబుర్లు
ఉప్పుకారం వేసినా జామకాయ జామకాయలాగే ఉంటుంది. పుల్లదనాన్ని ఉప్పు పైకి తెస్తుంది. సీసా ఆపిల్‌ను ద్రాక్షగా నమ్మిస్తుంది. ఒకటి తోడు, ఇంకొకటి మారువేషం. ఆ తేడా మీకు తెలియక కాదు, వాదన కోసం అంటున్నారు.

ఉప్పూకారం
వాదన కోసమే. కానీ కారం తినలేని ఆరేళ్లవాడికి మీ "తోడు" పనికిరాదు కదా.

లోకోషెడ్_నాన్న
నాయనమ్మ గారు అన్న మారువేషం మా ఇంట్లో బయటపడింది, వినండి. మా పాపకు స్ట్రాబెర్రీ అంటే ప్రాణం. అంటే ఐస్‌క్రీమూ, పాలూ, బిస్కెట్లలో క్రీమూ అన్నమాట. చలికాలంలో లంబసింగి వెళ్లాం. తెల్లవారుజామున మంచు చూసి, ఎండ వచ్చాక స్ట్రాబెర్రీ తోటలో దిగాం. అక్కడ మనమే కోసుకోవచ్చు, తూకం వేసి డబ్బు తీసుకుంటారు. పాప ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఎర్రటిది ఒకటి ఏరి, కోసి, కొరికి, మొహం అంతా ముడుచుకుని ఉమ్మేసింది. "నాన్నా, ఇది పాడైపోయింది, అసలు స్ట్రాబెర్రీ కాదు" అని ఆ తోటాయన ముందే తీర్పు చెప్పింది. ఆయన నవ్వాడు. రోజూ ఇదే వింటాడట. పిల్లలే కాదు, పెద్దవాళ్లూ అంటారట, కొంతమంది చక్కెర ఉందా అని అడుగుతారట.

నాకు మాత్రం నవ్వు రాలేదు. మొక్కకు కాసినది దొంగసరుకు, డబ్బాలోది అసలు సరుకు అని మా పిల్ల నమ్ముతోంది. సముద్రపుగాలి గారూ, నేను మీ వైపు రాయలేను, క్షమించాలి.

గాజువాక_గీత
ఆ పండ్లు మీరేం చేశారు చివరికి?

లోకోషెడ్_నాన్న
ఉడికించి జామ్ చేసింది మా ఆవిడ. పాప సీసా అడుగు దాకా నాకింది. బెల్లం వేశాం లెండి, గెలుపు బెల్లానిది.

పండ్లబండి
ముప్పయ్యేళ్లుగా పూర్ణామార్కెట్ దగ్గర పండ్ల వ్యాపారం మాది. ఎసెన్స్ సంగతి మీరు తేల్చుకోండి. మా వైపు నిజం ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. పిల్లలు పండు వద్దంటున్నారని అందరూ అంటారు. వాళ్లకు పెడుతున్న పండుకు రుచి ఉందా అని ఎవరూ అడగరు.

వేసవిలో మీరు కొనే కాశ్మీరు ఆపిల్ కిందటి ఏడాది దసరా రోజుల్లో కోసినది. గాలిని అదుపు చేసే శీతల గిడ్డంగిలో నెలల తరబడి ఉండి వస్తుంది. పాడవదు, నిజమే. కానీ కొరికితే కరకర ఉండదు, పిండిపిండిగా ఉంటుంది. మామిడి ఇంకా అన్యాయం. మన సువర్ణరేఖకు పుట్టుకతోనే బుగ్గ ఎరుపు, చూడగానే పండిందనిపిస్తుంది. ముందుగా బజారుకు తెస్తే ధర పలుకుతుందని కాయ ముదరకముందే దింపేస్తారు. కాల్షియం కార్బైడ్ పెట్టడం నేరం, ఇథిలీన్ వాయువుకైతే అనుమతి ఉంది. ఏది పెట్టినా ఒకటే, ముదరని కాయకు రంగు వస్తుంది కానీ వాసన రాదు. అది పిల్లవాడికి తినిపించి "మామిడి తినడం లేదు" అంటే నేనేం చెప్పను?

కాలానికి తగ్గ పండు కొనండి. వేసవిలో తాటిముంజలు, పనస తొనలు. తొలకరికి నేరేడు. వానల్లో ఏజెన్సీ నుంచి అనాస దిగుతుంది, చిన్నగా ఉంటుంది, వాసన మాత్రం వీధి చివరికి కొడుతుంది. దసరా ముందూ వెనకా సీతాఫలం. చలికాలంలో జామ, సంక్రాంతికి రేగుపండ్లు. ఈ వరుసలో ఒక్కటైనా నచ్చని పిల్లవాణ్ణి నాకు చూపించండి.

గాజువాక_గీత
చూపిస్తాను, మా ఇంట్లో ఇద్దరున్నారు. సీతాఫలం గింజలు ఉమ్మడానికి బద్ధకం, నేరేడు తింటే నాలుక ఊదారంగు అయితే స్కూల్లో నవ్వుతారట, పనస వాసన పడదట.

కైలాసగిరి_కుర్రాడు
పనస వాసన పడనివాళ్లకు పనస ఎసెన్స్ పూయండి.

మధురవాడ_మాధవి
పండ్లబండి గారూ, పుచ్చకాయకు సూదితో ఎర్రరంగు ఎక్కిస్తారని మా వాట్సాప్‌లో వీడియో తిరుగుతోంది. నిజమేనా? అది చూసినప్పటి నుంచి కొనడం మానేశాను.

పండ్లబండి
ఏటా వేసవికి వచ్చే చుట్టం ఆ వీడియో. సూది గుచ్చితే ఆ కన్నం చుట్టూ రంగు ముద్దగా నిలుస్తుంది, కాయ మొత్తం సమంగా పాకదు. గుచ్చిన కాయ ఎండలో త్వరగా పులిసిపోతుంది. బండి మీద వందల కాయలుంటే ఒక్కోదానికి సూది వేసే తీరిక ఎవరికండీ? అనుమానముంటే కోసిన ముక్క మీద తెల్లటి దూది అద్ది చూడండి. దూది ఎర్రగా అయితే వాడి బండి దగ్గరికి వెళ్లకండి. నా మటుకు నేను కోసి చూపించి అమ్ముతాను.

కేకుల_కమల
పుచ్చకాయను వదిలేయండి, రంగు వేసిన పండు మీ పిల్లలు అందరూ తింటూనే ఉన్నారు. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను కాబట్టి చెబుతున్నాను. కేకు మీద ఎర్రగా మెరిసే "చెర్రీ" చాలామటుకు చెర్రీ కాదు, వాక్కాయ. గింజ తీసి, చక్కెర పాకంలో ఊరవేసి, ఎరిత్రోసిన్ అనే ఎర్రరంగు పట్టిస్తారు. బన్నులో, ఐస్‌క్రీమ్‌లో, పాన్‌లో కనబడే టూటీఫ్రూటీ పచ్చిబొప్పాయి. దానికీ అదే కథ: పాకం, రంగు, ఎసెన్స్. మన దేశంలో ఆ రంగుకు పరిమితికి లోబడి అనుమతి ఉంది. అమెరికాలో 2025 జనవరిలో దానికి ఆహారంలో అనుమతి రద్దు చేశారు, కంపెనీలకు 2027 జనవరి దాకా గడువిచ్చారు.

అంటే సముద్రపుగాలి గారు కొత్తగా చేసిన నేరం ఏమీ లేదు. మన బేకరీలు ఎప్పటి నుంచో చేస్తున్నదే ఆపిల్ ముక్కల మీద చేశారు.

ఉద్యోగం_ఇల్లు_నేను
వాక్కాయా!! వాక్కాయ పప్పు వండితే కంచం తోసేసే మా చిన్నవాడు, పుట్టినరోజున కేకు మీది వాక్కాయల కోసం అక్కతో జుట్టు జుట్టు పట్టుకున్నాడు. ఈ సంగతి వాడికి చెప్పాలా వద్దా?

నాయనమ్మ_కబుర్లు
చెప్పకండి. పప్పులో వేసి, ఇవి చెర్రీలని చెప్పండి.

ఉప్పూకారం
ఇందాక మారువేషం వద్దన్నది ఎవరండీ?

నాయనమ్మ_కబుర్లు
పేరు మార్చానే గానీ రుచి మార్చలేదు. నా వంటింట్లో నా న్యాయం.

పోషణ_పాఠాలు
పిల్లల ఆహారం గురించి తల్లిదండ్రులకు సలహాలిచ్చే ఉద్యోగం నాది. ముందు సీసా గురించి. కేకుల కోసం అమ్మే ఎసెన్స్ చాలా చిక్కటిది. కిలో పిండికి కొన్ని చుక్కలు వేసుకునే సరుకు, పైగా కేకులో అది పొయ్యి వేడికి కొంత ఎగిరిపోతుంది. పచ్చి పండు మీద చల్లినప్పుడు అలా పోదు. కొన్నింట్లో రంగు కూడా కలిసి ఉంటుంది, సీసా మీద చదవండి. అప్పుడప్పుడూ ఒక చుక్క వల్ల ప్రమాదమేమీ రాదు, కానీ రోజూ డబ్బాలో పెట్టే పద్ధతిగా నేను ఒప్పుకోను.

ఇక తినడం సంగతి. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండిని అనుమానంగా చూడటం పిల్లల సహజ స్వభావం, మొండితనం కాదు. ఒక రుచి అలవాటు కావడానికి 8 నుంచి 15 సార్లు వాళ్ల ముందుకు రావలసి ఉంటుంది. ముందుకు రావడం అంటే నోట్లో కుక్కడం కాదు. కంచం అంచున ఒక ముక్క ఉండాలి, పెద్దవాళ్లు అదే తింటూ ఉండాలి, వాడు ముట్టుకోకపోతే ఎవరూ ఏమీ అనకూడదు. "పండు తింటే చాక్లెట్ ఇస్తాను" అంటే పండు శిక్షగానూ చాక్లెట్ బహుమానంగానూ మనసులో పడిపోతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకు కూడా రోజుకు పండ్లు 100 గ్రాములే. అంటే మధ్యస్థంగా ఉన్న ఒక జామకాయ. ఆరేళ్లవాడి విషయంలో అంత కంగారు అక్కర్లేదు.

ఒక జాగ్రత్త: ఐదేళ్ల లోపు పిల్లలకు ద్రాక్షపండు గుండ్రంగా ఇవ్వకండి, నిలువునా చీల్చి ఇవ్వండి. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

ఉద్యోగం_ఇల్లు_నేను
పదిహేను సార్లు ముక్క కోసి, పదిహేను సార్లు వాడు ముట్టని ముక్క నేనే తిని, చిరునవ్వుతో కూర్చోవాలంటారు. ఉదయం ఏడింటికి స్కూలు బస్సు, ఎనిమిదింటికి నా బస్సు. మీ పాఠం సరైనదే, దానికి కావలసిన పొద్దు ఎక్కడ అమ్ముతారో కూడా చెప్పండి. సముద్రపుగాలి గారు రెండు చుక్కలతో పని కానిచ్చారు, నాకు ఆవిడ మీద అసూయగా ఉంది.

పోషణ_పాఠాలు
మీ కష్టం కాదనను. అందుకే ఉదయం పెట్టవద్దని చెబుతాను. సాయంత్రం ఆకలిమీద ఉన్నప్పుడు, టిఫిన్ తయారయ్యేలోపు బల్ల మీద ముక్కలు ఉంచండి. ఆకలి చేసే పని ఏ ఎసెన్సూ చేయలేదు.

గాజువాక_గీత
పండ్లరసం డబ్బాలు ఇస్తే లెక్కలోకి రాదా? "నూరు శాతం రసం" అని రాసి ఉంటుంది కదా.

పోషణ_పాఠాలు
2024 జూన్‌లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాటను లేబుళ్ల మీద నుంచి తీసేయమని కంపెనీలను ఆదేశించింది. గాఢ రసంలో నీళ్లు కలిపి తిరిగి తయారుచేసే దానికి ఆ మాట చెల్లదని కారణం. రసంలో పీచు పోతుంది, నమలడం ఉండదు, తీపి మిగులుతుంది. పండుకు బదులుగా దాన్ని లెక్కపెట్టకండి.

సముద్రపుగాలి
ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. మా అత్తగారు మొత్తం చదివించుకున్నారు. నాయనమ్మ_కబుర్లు గారి ఇల్లు ఎక్కడో కనుక్కోమన్నారు, ఇద్దరూ కలిస్తే నా గతి ఏమిటో ఊహించుకోండి.

లోకోషెడ్_నాన్న గారు చెప్పింది నన్ను ఆలోచనలో పడేసింది. కానీ ఇక్కడ ఒకటి ఎవరూ పట్టించుకోలేదు. మావాడు ఇంతవరకు ఆపిల్ అనేదాన్ని పళ్లతో కొరికి నమలడమే ఎరగడు. ఆ కరకర వాడికి ఇప్పుడు తెలిసింది. వాసన మెల్లగా తగ్గించుకుంటూ పోతే ఆపిల్ మిగలదా?

రసాయనశాల
మిగలవచ్చు. ప్రయత్నించదగ్గ ఆలోచనే. అయితే సీసా అవసరం లేని దారి ఒకటుంది. మీ బాబుకు ఇష్టమైన ఆ వాసన మన దేశంలోనూ పండుతుంది. బెంగళూరు బ్లూ అనే ద్రాక్ష: గుండ్రంగా, నలుపు తిరిగిన నీలంగా, తొక్క మందంగా, గింజలతో ఉంటుంది. అది కాంకర్డ్ వంశానికి చుట్టం, వాసన అచ్చం గోలీలదే. వాటిని చిదిమి, వడకట్టి, ఆ రసంలో ఆపిల్ ముక్కలు గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. గ్రేపుల్ తయారీదారులు చేసేదే, కాకపోతే మీది అసలు ద్రాక్ష. ముక్కలు నల్లబడకుండా ఒక చుక్క నిమ్మరసం పిండండి.

సియాటెల్_శ్రీకాకుళం
ఇది వెనాచీ వాళ్లకు చెప్పకండి, ధర ఇంకా పెంచుతారు.

నాయనమ్మ_కబుర్లు
దీనికి నా అభ్యంతరం లేదు. పండులో పండు.

ఉప్పూకారం
నాయనమ్మ గారు ఒప్పుకున్నారు! ఈ పోస్టు భద్రపరచండి.

సముద్రపుగాలి
బెంగళూరు ద్రాక్ష ఇక్కడ దొరుకుతుందా? సీతమ్మధార రైతుబజారులో అడిగితే పచ్చద్రాక్షా, పొడుగు నల్లద్రాక్షా చూపించారు.

పండ్లబండి
పొడుగు నల్లది వేరే రకం, దానికి ఆ వాసన లేదు. మీకు కావలసింది గుండ్రంగా, పైన బూడిద చల్లినట్టు తెల్లటి పొడి ఉండేది. రసం బండ్లవాళ్లు ఎక్కువగా కొంటారు కాబట్టి ఇళ్లవాళ్ల కంట పడదు. ఏడాదికి రెండు కాపులు కాస్తుంది. పొద్దున్నే లారీలు దిగే వేళకు మార్కెట్‌కు వస్తే దొరుకుతుంది, తొమ్మిది దాటితే రసం బండ్ల పాలే. కొనే ముందు ఒక గుత్తి ఎత్తి దులపండి. కాయలు రాలితే పాతసరుకు, తీసుకోకండి. రెండు రోజుల కంటే నిలవ ఉండదు, అరకిలో కంటే ఎక్కువ కొనవద్దు.

కైలాసగిరి_కుర్రాడు
మరి నా కాకరకాయ?

పండ్లబండి
అది కూరగాయల వైపు. అటు మా బావమరిది చూసుకుంటాడు.